వేప నూనె కొట్టాక ఆకులు మాడాయి గానీ పిండినల్లి పోలేదు, ఏటి చెయ్యాలి?

ప్రశ్న: మాది మధురవాడ అండి, మేడ మీద మిద్దె తోట. మందారానికి, వంకాయకి పిండినల్లి తెల్లగా పట్టేసింది. వేప నూనె లీటరు నీళ్ళకి 20 మి.లీ. కలిపి పొద్దున్న 11 గంటలకి కొట్టాను. ఆకుల అంచులు మాడిపోయాయి గానీ పురుగు అలాగే ఉంది. ఇంకా ఘాటుగా కొట్టమంటారా?

జవాబు: వద్దమ్మా, ఘాటు పెంచొద్దు, అసలు ఆకులు మాడింది అందుకే కదా. నూనె పనిచేసేది ఎక్కువగా పురుగు ఒంటికి తగిలినప్పుడే, ఊపిరి తీసుకునే రంధ్రాల్ని మూసేస్తుంది. తగలని పురుగుకి మీరు 20 కాదు 50 కలిపినా ఏమీ కాదు. పైగా పిండినల్లి ఒంటి మీద మైనం పూత ఉంటుంది, గుడ్లు దూది సంచిలో ఉంటాయి, ఆకు పైన చల్లేసి వచ్చేస్తే అది కొమ్మ పంగల్లో, ఆకు అడుగున హాయిగా కూర్చుంటుంది.

లీటరుకి 5 మి.లీ. చాలు. ఇంకో సంగతి, మీరు సబ్బు కలిపినట్టు రాయలేదు, నూనె ఊరికే నీళ్ళలో కలవదు కదా, పైన తేలి ఒక మొక్క మీద ఉత్త నీళ్ళు, ఇంకో మొక్క మీద ఉత్త నూనె పడుతుంది, మాడేది అక్కడే. ముందు నూనెలో 1 లేదా 2 మి.లీ. లిక్విడ్ సోప్ వేసి, కాస్త గోరువెచ్చని నీళ్ళతో పాలలాగా తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టండి, తర్వాత మిగతా నీళ్ళు పొయ్యండి. మీది బోరు నీళ్ళైతే సబ్బు విరుగుతుంది, వాన నీళ్ళో కుళాయి నీళ్ళో వాడండి. కలిపింది అప్పటికప్పుడే వాడెయ్యాలి, మర్నాటికి దాచొద్దు.

కొట్టే ముందు బాగా పట్టేసిన కొమ్మలు కత్తిరించి సబ్బు నీళ్ళ బకెట్లో ముంచెయ్యండి, కుండీ పక్కన పడేస్తే మళ్ళీ ఎక్కుతుంది. మిగతా చోట్ల పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి పిండి రాల్చండి. చీమలు తిరుగుతున్నాయా చూడండి, పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం అవే దాన్ని కాపాడతాయి, వాటి దారి కట్టకపోతే మీ కష్టం అంతా దండగ.

మిట్టమధ్యాహ్నం మాత్రం ఎప్పుడూ కొట్టొద్దు. మన విశాఖ ఉక్కకి నూనె తొందరగా ఆరదు, అందులో ఎండ తగిలితే ఆకు ఉడికినట్టే. పొద్దు వాలాక, తేనెటీగలు వెళ్ళిపోయాక, సముద్రపు గాలి కాస్త నెమ్మదించినప్పుడు ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ముందు రెండు ఆకులకి కొట్టి రెండ్రోజులు చూడండి. గుడ్లు చావవు కాబట్టి వారానికి ఒకసారి చొప్పున మొత్తం మూడుసార్లు కొట్టాలి. ఈ మధ్య గంధకం చల్లి ఉంటే కనీసం మూడు వారాలు ఆగండి, రెండూ కలిస్తే మొక్క తట్టుకోలేదు.

మాడిన ఆకులు ఇప్పుడే తీసెయ్యకండి, కొత్త చిగురు వచ్చేదాకా ఉంచండి. మొక్క నీరసంగా ఉంది కాబట్టి ఈ వారం నూనె మానేసి నీళ్ళతో కడగడమే చెయ్యండి.