డొమైన్ కొన్న రాత్రే బేరం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అబ్బాయి బీటెక్ మూడో ఏడాది. ఈమధ్య 40 డాట్ కామ్ పేర్లు (వెబ్‌సైట్ల అడ్రసులు) తిరిగి అమ్ముకుందామని కొన్నాడు. కొన్న రాత్రే కంపెనీలకు మెయిళ్లు పెడుతున్నాడు, ఒక్కరూ బదులివ్వలేదు. కొన్నాళ్లు ఆగమంటే వినడు. ఎప్పుడు మొదలుపెట్టాలి? అసలు ఇది బతుకుతెరువు అవుతుందా?

జవాబు: రోజులు లెక్కపెట్టుకుని ఆగక్కర్లేదండీ. అవతలివారు ‘సరే’ అంటే పేరు వెంటనే చేతిలో పెట్టగలడా, లేదా? చూడాల్సింది అదే.

కొత్తగా రిజిస్టర్ చేసిన పేరైతే వారం చాలు. ఆ వారంలో పని మాత్రం ఉంది. రిజిస్ట్రార్, అంటే పేరు అమ్మిన కంపెనీ, పంపే వెరిఫికేషన్ మెయిల్‌లో లింకు నొక్కాలి. 15 రోజుల్లో నొక్కకపోతే పేరు సస్పెండ్ కావొచ్చు, అదీ సరిగ్గా బేరం నడుస్తున్నప్పుడు. తర్వాత నేమ్‌సర్వర్లు (పేరు కొడితే ఏ పేజీ తెరవాలో చెప్పే సెట్టింగ్) మార్చి, ‘ఈ పేరు అమ్మకానికి ఉంది’ అనే పేజీ పెట్టాలి. ఆ మార్పు అన్నిచోట్లా కనబడటానికి 48 గంటల దాకా పట్టొచ్చు. మెయిల్ అందినవారు చాలామంది ముందు ఆ పేరును బ్రౌజర్‌లో కొట్టి చూస్తారు. కొన్న రాత్రే పంపితే వాళ్లకు కనిపించేది ఎర్రర్, లేదా రిజిస్ట్రార్ ప్రకటనలు. ఇంక బదులెందుకిస్తారు?

గడువు తీరిన పేరును వేలంలో గెలిస్తే లెక్క వేరు. డబ్బు కట్టినా, చాలా వేలాల్లో పాత యజమానికి రెన్యూ చేసుకునే అవకాశం ఇంకా ఉంటుంది. పేరు తన ఖాతాలోకి దిగేదాకా ఎవరికీ ఒక్క ముక్క రాయకూడదు. ఈలోగా వెబ్‌సైట్ల పాత రూపాలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పాత పేజీలు చూడమనండి. ఒకప్పుడు జూదం సైటుగా నడిచిన పేరైతే ఆ సంగతి కొనేవాళ్లూ కనిపెడతారు.

60 రోజుల లాక్ గురించి వినే ఉంటారు. కొత్త డాట్ కామ్ పేరును 60 రోజుల దాకా వేరే రిజిస్ట్రార్‌కు మార్చడం సాధారణంగా కుదరదు. అంతమాత్రాన అమ్మకం ఆగదు. కొనేవారు అదే రిజిస్ట్రార్ దగ్గర ఖాతా తెరిస్తే చాలాచోట్ల పేరును ఆ ఖాతాకు నేరుగా పుష్ చేయొచ్చు, అంటే రిజిస్ట్రార్ మారకుండా ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పంపొచ్చు. ఈ మాట బేరంలోనే చెప్పాలి, డబ్బు చేతులు మారాక కాదు. డబ్బు ఎస్క్రో ద్వారా, అంటే పేరు చేతులు మారేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంచి, తీసుకోవడం ఇద్దరికీ మంచిది.

ఎన్నాళ్లు ఆగినా బాగుపడని పేర్లు కొన్నుంటాయి, ఎవరిదో బ్రాండు కలిసినవి. అలాంటి పేరు కొని ఆ బ్రాండు యజమానికే అమ్మజూపితే, ఆ మెయిలే దురుద్దేశానికి సాక్ష్యంగా నిలుస్తుంది. డాట్ కామ్‌కు యూడీఆర్‌పీ, డాట్ ఇన్‌కు ఐఎన్‌డీఆర్‌పీ అనే పేర్ల వివాదాల నిబంధనల కింద ఫిర్యాదు వస్తుంది. ఓడితే పేరు పోతుంది, నయాపైసా రాదు. ఆ 40 పేర్లనూ ఐపీ ఇండియా (ప్రభుత్వ ట్రేడ్‌మార్కుల సైటు) ట్రేడ్‌మార్క్ సెర్చ్‌లో వెతకమనండి. అమెరికా కంపెనీలకు అమ్మాలనుకుంటే అక్కడి ట్రేడ్‌మార్కులూ చూడాలి. తేడా ఉన్నవాటిని వదిలేయడమే.

ఇక మెయిల్ ఎవరికి? నగరం పేరు పక్కన ‘సోలార్ ప్యానెల్స్’ చేర్చిన పేరుందనుకుందాం. గూగుల్‌లో ఆ మాటలకు డబ్బిచ్చి ప్రకటనలు వేస్తున్న పది పదిహేను వ్యాపారాలు చాలు. ఒక్కొక్కరికీ విడిగా, నాలుగు వాక్యాల్లో, ధర చెప్పి రాయాలి. రిజిస్టర్ చేసిన తేదీ హూయీజ్‌లో (పేరు రిజిస్ట్రేషన్ వివరాలు చూపే చోట) ఎవరికైనా కనిపిస్తుంది కాబట్టి, నిన్న వెయ్యికి కొన్న పేరుకు ఇవాళ లక్షలు అడిగితే నవ్విపోతారు. వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోవాలి. మూడో మెయిల్ స్పామ్ కిందే లెక్క. న్యూయార్క్‌లో ఉదయం 10 అంటే వేసవిలో మనకు రాత్రి 7:30, చలికాలంలో 8:30. కాలేజీ అయ్యాక కూర్చుంటే సరిపోతుంది.

బతుకుతెరువా అంటే, ఇప్పుడప్పుడే అనుకోవద్దు. ప్లేస్‌మెంట్ల సన్నాహం మానుకునేంత ఆదాయం మొదటి ఏడాదిలో రావడం అరుదు. ఖర్చు మాత్రం తప్పదు. రెన్యువల్ పేరుకు వెయ్యి వేసుకున్నా 40 పేర్లకు ఏటా 40 వేలు. ఆటో రెన్యూ ఇవాళే ఆపించండి. పదో నెలకల్లా ఒక్కరైనా ధర అడగని పేర్లలో చాలావాటిని గడువుతో పోనివ్వొచ్చు. మీరు పెట్టుబడి ఇచ్చేటట్టయితే అలా మిగిలిన నాలుగైదు పేర్లకే ఇవ్వండి.