వాలు నేల మీద బాట, పేవింగ్: ముందు బాట లెవెల్స్, తర్వాతే నేల

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రెవిట్‌లో (భవనాల 3డి మోడల్ చేసే సాఫ్ట్‌వేర్) టోపోసాలిడ్, అంటే నేల మోడల్ మీద సబ్‌డివైడ్‌తో (నేల పైభాగంలో కొంత మేరను విడిగా గుర్తించే టూల్) బాట గీస్తే నేలలోని ఎగుడుదిగుళ్ళన్నీ బాటలోకి వచ్చేస్తున్నాయి. ఫ్లోర్ గీసి స్లోప్ యారో (వాలు ఎటో చెప్పే బాణం) పెడితే ఒక చివర గాల్లో తేలుతోంది, రెండో చివర మట్టిలో కూరుకుపోతోంది.

సబ్‌డివైడ్ నేల ఎలా ఉంటే అలానే పరుచుకుంటుంది, దాని పనే అది. లాన్‌కీ, మట్టి దారికీ, క్లయింటుకు చూపించే తొలి వ్యూలకీ చాలు. స్లోప్ యారో ఫ్లోర్ మొత్తాన్ని ఒకే వైపుకు వంచుతుంది కాబట్టి మలుపు తిరిగే బాటకు పనికిరాదు. రాళ్ళు పరిచే బాటైతే నేలను కాసేపు పక్కన పెట్టి బాటకు విడిగా లెవెల్స్ (ఏ చోట ఎంత ఎత్తో) తేల్చుకోండి. నేలను తర్వాత దానికి సర్దొచ్చు.

నేను ఉండేది నెల్లూరులో. ఊళ్ళోనూ కోవూరు వైపూ సైట్లన్నీ బల్లపరుపు, అక్కడ ఈ తలనొప్పే ఉండదు. రాపూరు, పెంచలకోన, ఉదయగిరి వైపు పనులు వస్తేనే మొదలవుతుంది. రాపూరు దాటాక కొండవాలులో చేసిన ఒక తోట ఇంటి లెక్కే చెప్తాను. బెంచ్‌మార్కును (ఎత్తులన్నీ కొలవడానికి ఆధారంగా పెట్టుకున్న గుర్తు) 100.000 మీటర్లు అనుకుంటే గేటు దగ్గర 100.150, వరండా 102.400. తేడా 2.25 మీటర్లు. ఇంట్లో పెద్దావిడ వీల్‌చైర్‌లో ఉంటారు కాబట్టి వాలు 1:12 (12 మీటర్ల పొడవుకు ఒక మీటరు ఎత్తు) దాటకూడదు. అంటే 27 మీటర్ల ర్యాంపు. ప్రతి 9 మీటర్లకు, అంటే 750 మి.మీ. ఎక్కాక, మీటరున్నర ల్యాండింగ్ (ఆగడానికి ఎక్కుడు లేని చోటు) ఇస్తే మధ్యలో రెండు వస్తాయి, మొత్తం 30 మీటర్లు. గేటు నుంచి వరండాకు నేరుగా అంత దూరం లేదు. బాట ఎక్కడ మలుపు తిరగాలో ఈ లెక్కే చెప్పేసింది, మోడల్ ఇంకా తెరవకముందే.

ఇప్పుడు మోడల్. బాట ఆకారంలో ఫ్లోర్ గీసి, మోడిఫై సబ్ ఎలిమెంట్స్‌లోకి (ఫ్లోర్ మీది పాయింట్ల ఎత్తులు మార్చే టూల్) వెళ్ళి, ల్యాండింగ్ మొదలయ్యే చోటా ముగిసే చోటా అడ్డంగా స్ప్లిట్ లైన్ (వాలు మారే గీత) వేయండి. ప్రతి లైనుకు రెండు చివర్లా లెవెల్ ఇవ్వండి. రెండు చివర్లకూ ఒకే లెవెల్ ఇచ్చేస్తే నీళ్ళు బాట మధ్యలోనే పారతాయి. 1:50 అడ్డ వాటం ఉంచండి. మీటరున్నర వెడల్పుకు 30 మి.మీ. తేడా. నేనైతే వాటం కొండ వైపుకే ఇచ్చి అటే చిన్న కాలువ పెడతాను. అక్టోబరు, డిసెంబరు మధ్య వాయుగుండం పట్టిందంటే, పల్లం వైపుకు వదిలిన నీళ్ళు ఫిల్లింగ్ గ్రావెల్‌ను కోసేసి బాట అంచు కింద డొల్ల చేస్తాయి.

ఫ్లోర్ టైప్‌లో ఒక చిన్న టిక్కు ఉంటుంది, వేరియబుల్ అని. అది పెట్టిన లేయర్ మందం మారుతుంది, అడుగు భాగం చదునుగా ఉండిపోతుంది. టెర్రస్ మీద వాటం కాంక్రీటుకు అదే కావాలి. ఇక్కడ మాత్రం తీసేయండి, లేకపోతే కాంక్రీటు క్వాంటిటీ చూసి క్లయింటు కళ్ళు తిరుగుతాయి.

మలుపు దగ్గర నాలుగు మూలలకూ వేర్వేరు లెవెల్స్ ఇస్తే రెవిట్ మధ్యలో ఒక ఐమూల గీత గీస్తుంది. దాన్ని బగ్ అనుకుని దాచేయకండి. ఆ నాలుగు పాయింట్లూ ఒకే తలంలో లేవని చెప్తోందది. సైట్‌లో అక్కడ రెండడుగుల కడప బండ పరిస్తే మూడు మూలలే ఆనుతాయి. మేస్త్రి నాలుగో మూల మీద కాలు పెట్టగానే టక్కున కదులుతుంది. కింద సిమెంటు మాల్ ఎంత కూరినా కొన్నాళ్ళకు మళ్ళీ అదే కథ. అందుకే మలుపులో గీత వెంబడి బండను కోయించాలి, లేదా అంత మేరకు చిన్న ముక్కల పేవింగ్‌కు మారాలి. సాధ్యమైతే మలుపునే ల్యాండింగ్ చేసి ఒకే తలంలో ఉంచడం అన్నిటికంటే హాయి. రాయి సంగతికొస్తే, పాలిష్ చేసిన చీమకుర్తి గ్రానైట్ వాలు మీద వద్దే వద్దు, తడిస్తే జారుడుబండే. ఫ్లేమ్ ఫినిష్ (మంటతో కాల్చి గరుకు చేసినది) అడగండి. మార్కాపురం పలకరాయికి సహజంగానే గరుకు ఉంటుంది.

బాట కుదిరాక నేల పని. పాత నేలను ఎగ్జిస్టింగ్ ఫేజ్‌లో (పనికి ముందున్న దశ) ఉంచి గ్రేడెడ్ రీజియన్‌తో (సవరించడానికి నేలకు కాపీ తీసే టూల్) కొత్తది చేసుకోండి. బాట రెండు అంచుల వెంబడీ ఫ్లోర్ అడుగు లెవెల్‌తో పాయింట్లు పెట్టి, అక్కడి నుంచి కాస్త దూరంలో పాత నేలకు కలిపేయండి. కట్, ఫిల్ (ఎంత మట్టి తవ్వాలో, ఎంత పోయాలో) షెడ్యూల్‌లో వచ్చేస్తుంది. మీ దగ్గర రెవిట్ 2025 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ ఉంటే ఎక్స్‌కవేట్‌తో ఫ్లోర్ మేరకు టోపోసాలిడ్‌ను నేరుగా కోయొచ్చు, కానీ పక్క వాలు మీరే సర్దుకోవాలి. స్కెచప్ అనే మరో 3డి సాఫ్ట్‌వేర్‌లో అయితే డ్రేప్ (గీతను నేల మీదికి దించే టూల్) మన సబ్‌డివైడ్ లాంటిదే, అక్కడా బాటను విడిగా కట్టడమే మేలు.

ఇదంతా చేసేముందు కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఎక్కడివో చూసుకోండి. ఉచిత శాటిలైట్ డేటా నుంచి తీసినవైతే సాధారణంగా 30 మీటర్లకొక పాయింటు, అంటే మా బాట మొత్తానికి ఒక్కటి! టోటల్ స్టేషన్ (దూరాలూ ఎత్తులూ కొలిచే సర్వే పరికరం) సర్వే చేయించండి, బాట వెళ్ళే పట్టీలో పాయింట్లు దగ్గరగా తీయమనండి. ఇక మేస్త్రికి రెండర్ ఇచ్చి లాభం లేదు. ప్రతి స్ప్లిట్ లైను చివరా స్పాట్ ఎలివేషన్ (ఆ చోటి ఎత్తు అంకె) వేసిన ప్లాన్ ఒక్కటి ప్రింట్ తీసివ్వండి, ట్యూబ్ లెవెల్‌తో (నీళ్ళు నింపిన గొట్టం) అతనే సైట్‌లోకి దించుకుంటాడు.