సర్క్యూట్లు మొదలుపెడుతున్న అమ్మాయికి

అమ్మాయ్,

కిట్ తెచ్చుకున్నావట, అందులోని ముక్కల పేర్లన్నీ కంఠతా పట్టి ఆ తర్వాత మొదలుపెడతానంటున్నావట. అంత పని పెట్టుకోకు, వాడుతుంటే పేర్లు వాటంతటవే వస్తాయి. ముందు వోల్టేజ్, కరెంట్ అనే రెండింటినీ కలగాపులగం చెయ్యకుండా మాట్లాడటం అలవాటు చేసుకో. కొత్తవాళ్ళు పడే తిప్పల్లో చాలావరకు అక్కడే పుడతాయి.

వోల్టేజ్ ఎప్పుడూ రెండు చోట్ల మధ్య ఉంటుంది. "ఇక్కడ 5 వోల్టులు" అన్నారంటే గ్రౌండ్‌తో పోలిస్తే అని అర్థం, ఆ ముక్క పైకి అనరంతే. (గ్రౌండ్ అంటే భూమిలోకి దింపిన తీగే కానక్కర్లేదు, చిన్న సర్క్యూట్లలో బ్యాటరీ మైనస్‌నే సున్నా అనుకుని లెక్కపెడతాం.) కరెంట్ అలా కాదు, అది తీగ గుండా పారేది, ఆంపియర్లలో కొలుస్తాం. రెండిటికీ లంకె వేసేది రెసిస్టెన్స్, అంటే కరెంట్‌కి ఎదురయ్యే అడ్డు, దాన్ని ఓమ్స్‌లో కొలుస్తాం: వోల్టేజ్ = కరెంట్ × రెసిస్టెన్స్. జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ 1827లో అచ్చువేసిన ఈ ఒక్క లెక్కతో చాలా దూరం వెళ్ళొచ్చు.

ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి తీసుకో. 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా మాత్రం తగిలించకు. అది వెలిగేటప్పుడు దాని మీద సుమారు 2 వోల్టులు ఉంటాయి, ఆపైన కాస్త పెంచినా కరెంట్ ఎక్కడికో ఎగబాకి ఎల్‌ఈడీ మాడిపోతుంది. కాబట్టి మిగతా 7 వోల్టులు పడటానికి సిరీస్‌లో, అంటే ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటిగా, ఒక రెసిస్టర్ (కరెంట్‌ని అడ్డుకునే ముక్క) కావాలి. 15 మిల్లీఆంపియర్లు చాలనుకుంటే 7ని 0.015తో భాగించు, 467 వస్తుంది, దానికి దగ్గరగా దొరికేది 470 ఓమ్స్. దాని విలువ చెప్పేవి ఒంటి మీది రంగు పట్టీలే: పసుపు, ఊదా, గోధుమ, చివర బంగారు రంగుది, అంటే విలువ 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని. ఐదు పట్టీలవి కూడా ఉంటాయి, గోధుమ రంగుకీ ఎరుపుకీ తేడా తెలియక కళ్ళు పోతాయి, మీటర్‌తో (వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్ మూడూ కొలిచే మల్టీమీటర్) కొలిచి పెట్టుకోవడమే సుఖం. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు. రెసిస్టర్ ఎల్‌ఈడీకి ముందుండాలా వెనకుండాలా అని బుర్ర పాడుచేసుకోకు, సిరీస్‌లో అన్నిటి గుండా పారేది అదే కరెంట్, ఎటున్నా ఒకటే.

వెలిగాక సంబరపడి వదిలెయ్యకు, అసలు చదువు అప్పుడే మొదలు. మీటర్ డీసీ వోల్టుల మీద పెట్టి రెసిస్టర్ రెండు కాళ్ళ మధ్య కొలువు, తర్వాత ఎల్‌ఈడీ మీద, తర్వాత బ్యాటరీ మీద. మొదటి రెండూ కలిపితే మూడోది రావాలి. ఇప్పుడు ఎల్‌ఈడీ పీకేసి, బ్రెడ్‌బోర్డులో (ముక్కల కాళ్ళు గుచ్చే రంధ్రాల పలక) అది ఉన్న ఆ రెండు రంధ్రాల మధ్య కొలిచి చూడు: మొత్తం 9 వోల్టులూ అక్కడే కనిపిస్తాయి, రెసిస్టర్ మీద సున్నా! కరెంట్ బొత్తిగా లేదు, వోల్టేజ్ మాత్రం నిండుగా ఉంది. దీన్నే ఓపెన్ సర్క్యూట్ అంటారు. ఏది చెడినా "షార్ట్ అయింది" అనేస్తుంటారు జనం, కానీ వదులైన తీగ షార్ట్ కాదు, ఓపెన్. షార్ట్ అంటే దాదాపు రెసిస్టెన్స్ లేని దారి దొరికి కరెంట్ విపరీతంగా పారడం.

కరెంట్ కొలవాలంటే తీగని తెంచి మధ్యలో మీటర్‌ని దూర్చాలి, పక్కన తగిలిస్తే కుదరదు. మీటర్ ఎర్ర ప్రోబ్ (కొలిచే తీగ) దాని ఆంపియర్ల రంధ్రంలో మర్చిపోయి బ్యాటరీ రెండు కొసలకీ తగిలించావనుకో, నువ్వే చేజేతులా షార్ట్ చేసినట్టు, మీటర్ ఫ్యూజ్ పోతుంది. రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు బ్యాటరీ తీసెయ్యి, వీలైతే ఆ రెసిస్టర్‌ని సర్క్యూట్‌లోంచి బయటికి తీసే కొలువు.

బ్రెడ్‌బోర్డులో ఐదేసి రంధ్రాలు లోపల కలిసి ఉంటాయి, నడిమి గాడి దాటితే సంబంధం లేదు. పొడుగు బోర్డుల్లో పక్కనున్న ఎరుపు, నీలం గీతలు మధ్యలో తెగి ఉంటే లోపలి రేకు కూడా అక్కడ తెగి ఉన్నట్టే, తెలియకపోతే గంటలు తినేస్తుంది.

కెపాసిటర్ల (ఛార్జ్‌ని దాచుకునే ముక్కలు) గురించి ఇప్పటికి రెండే. గుండ్రటి డబ్బాలా ఉండే ఎలక్ట్రోలిటిక్ రకానికి పట్టీ ఉన్న కాలు మైనస్, తిరగేసి పెడితే పేలొచ్చు. 104 అని రాసి ఉన్న చిన్న బిళ్ళ 0.1 మైక్రోఫారడ్. అన్నట్టు, ఎలక్ట్రాన్లు మైనస్ నుంచి ప్లస్‌కి పోతాయి కదా, సర్క్యూట్ బొమ్మల్లో కరెంట్ బాణాలు ప్లస్ నుంచి మైనస్‌కి తిరగేసి ఉన్నాయేంటని అడుగుతావు. పాత ఒప్పందం అది, లెక్కలన్నీ దానితోనే సరిపోతాయి, దాని జోలికి పోకు.

గోడ ప్లగ్గు జోలికి మాత్రం అస్సలు వద్దు. పాత పవర్ సప్లై విప్పి చూద్దామని కూడా అనుకోకు, ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉంటుంది, గట్టిగా కొడుతుంది.

ఇక 470 తీసేసి 1 కిలో ఓమ్ పెట్టు. కరెంట్ ఎంత రావాలో ముందు కాగితం మీద రాసుకుని ఆ తర్వాతే మీటర్ పెట్టు. 7 మిల్లీఆంపియర్ల దరిదాపుల్లో వస్తే సరే, మరీ తేడాగా వస్తే ప్రోబ్ ఏ రంధ్రంలో ఉందో, మీటర్ ఏ రేంజ్‌లో ఉందో, బ్యాటరీ ఎంత దిగిపోయిందో చూసుకుని అప్పుడు నాకు మెసేజ్ పెట్టు.

బాబాయ్