అడవిలో ఎత్తిన అడుగు

ప్రశ్న: నేను నల్లగొండలో ఇరవై ఏళ్లుగా పిల్లలకు కూచిపూడి నేర్పుతున్నాను. కిందటేడు వార్షికోత్సవాన్ని వీడియో తీయించుకుంటే, తరంగంలో ఇత్తడి పళ్లెం అంచున నిలిచిన పాదాలు అందులో ఒక్కసారి కూడా కనిపించలేదు. పాప ముఖమూ, వెనక కట్టిన పూలదండలే ఉన్నాయి. ఆ బాధ చెప్పుకుంటుంటే నా పాత శిష్యురాలు మాయా డెరెన్ అనే ఆవిడ తీసిన చిన్న మూకీ చిత్రాన్ని ఫోనులో చూపించింది. అందులో నర్తకుడు అడవిలో కాలు ఎత్తి ఇంట్లో దించుతాడు. ఎవరీవిడ? దీన్ని నాట్యం అనవచ్చునా?
- ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: నిస్సందేహంగా అనవచ్చునమ్మా. అయితే అది వేదిక మీద చేయగల నాట్యం కాదు, ఫిల్ము మీద తప్ప మరెక్కడా లేని నాట్యం. మీ వీడియోకూ ఆ చిత్రానికీ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది.

మాయా డెరెన్ 1917లో కీవ్‌లో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో అమెరికా చేరింది. 1941లో కేథరిన్ డన్‌హామ్ దగ్గర కార్యదర్శిగా కుదిరి, ఆమె నాట్యబృందంతో ఊరూరా తిరిగింది. కరీబియన్ దీవుల నాట్యాలను అక్కడికే వెళ్లి అధ్యయనం చేసి వేదికకు తెచ్చిన డన్‌హామ్ దగ్గర గడిపిన ఆ రోజులే డెరెన్‌కు నాట్యబడి అయ్యాయని నేను నమ్ముతాను. మీరు చూసిన ‘ఎ స్టడీ ఇన్ కొరియోగ్రఫీ ఫర్ కెమెరా’ 1945 నాటిది. అందులోని నల్లజాతి నర్తకుడు టాలీ బీటీ కూడా ఆ బృందంలోని వాడే.

నిడివి మూడు నిమిషాలే అయినా ఆ చిత్రాన్ని నిదానంగా మళ్లీ చూడండి. మొదట కెమెరా చెట్ల మధ్య మెల్లగా చుట్టూ తిరుగుతుంది. వెనక వదిలి వచ్చిన నర్తకుడే మళ్లీ మళ్లీ ముందు ఎదురవుతుంటాడు. కెమెరాను ఆపి, అతడు చోటు మారిన తరువాత ఆపిన చోటు నుంచే తిరిగి నడపడం వల్ల అది సాధ్యమైంది. ఆ తరువాతే మీరు చెప్పిన అడుగు వస్తుంది. అడవిలో పైకి లేచిన కాలు, అదే వంపుతో, అదే వేగంతో గదిలోకి దిగుతుంది. నేల మారింది గానీ అడుగు మారలేదు. అడవిలో చేసిన కదలికలో సగాన్ని వేరే చోట, వేరే సమయంలో అదే కాలప్రమాణంలో అందుకోవాలంటే నర్తకుడి ఒంట్లో లయ ఎంత స్థిరంగా ఉండాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ అరమాత్ర తప్పినా ముక్కలు అతకవు. చివరి గెంతు మరీ గొప్పది. మనిషి గాలిలో నిలవగలిగేది క్షణం పాటే అయినా, ఎగసేటప్పుడు, తేలేటప్పుడు, దిగేటప్పుడు విడివిడిగా తీసిన తునకలను ఒకదాని వెంట ఒకటి పేర్చి, ఆమె అతన్ని ఎంతోసేపు గాలిలోనే నిలిపింది.

దీన్ని నర్తకుడికీ, చోటుకూ మధ్య జరిగే జంటనాట్యంగా ఆమె భావించింది. కెమెరా ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుడు కాదు, నర్తకుడితో పాటు అడుగు వేసే తోడు. అందుకే చిత్రం మొదట్లో డెరెన్ పేరుతో పాటు బీటీ పేరు కూడా కర్తగా కనిపిస్తుంది. నల్లజాతి నర్తకులకు పెద్ద సంస్థల్లో చోటు దొరకడమే కష్టమైన ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

మరుసటి ఏడు, 1946లో, ‘రిచువల్ ఇన్ ట్రాన్స్‌ఫిగర్డ్ టైమ్’ తీసింది. అందులో ఒక విందులో అతిథులు చేతులు చాచి పలకరించుకుని ముందుకు సాగుతుంటారు. అవే కదలికలను తిరిగి తిరిగి చూపించి, అక్కడక్కడ బొమ్మను కదలకుండా ఆపేసరికి, పలకరింపే నాట్యమైపోతుంది. దసరా సాయంత్రం మనం జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకునే తీరును మనసులో పెట్టుకుని చూస్తే, ఆమె కన్ను ఏ కదలిక మీద నిలిచిందో ఇట్టే తెలుస్తుంది. ఆ తరువాత చైనా యుద్ధవిద్య మీద ఒక చిత్రం తీసింది. చివరగా పూర్తి చేసినది, నర్తకులను నెగటివ్‌లో, చీకటి ఆకాశంలో తేలే తెల్లని రూపాలుగా చూపిన చిత్రం.

నాకు ఆమె మీద గౌరవం పెరిగింది మాత్రం కరీబియన్ దేశమైన హైతీ విషయంలో. 1946లో కళాకారులకు అమెరికాలో ఇచ్చే గుగెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకుని, అక్కడి ఊడూ మతంలోని నాట్యాలతో సినిమా తీయాలని వెళ్లి, ఎంతో ఫిల్ము తీసింది. మన బోనాల్లో శివసత్తుల పూనకం వంటిదే అక్కడా ఉంది. ఆ నాట్యాన్ని ఆరాధన నుంచి విడదీసి తన కళకు ముడిసరుకుగా వాడుకోలేనని గ్రహించి, అనుకున్న సినిమాను పక్కన పెట్టి, 1953లో ఊడూ దేవతల గురించి, వారిని కొలిచే మనుషుల గురించి పుస్తకం రాసింది. 1961 అక్టోబర్ 13న, 44 ఏళ్లకే, న్యూయార్క్‌లో కన్నుమూసింది.

ఇక మీ వార్షికోత్సవం సంగతి. ఈసారి వీడియో తీసేవారిని కనీసం రెండు రోజుల ముందే తరగతికి రమ్మనండి. కెమెరా పక్కన పెట్టించి, మీరు తాళం వేస్తూ తరంగాన్ని మొదటి నుంచి చివరి దాకా చూపించండి. పళ్లెం ఎక్కడ మొదలై ఎటు జరుగుతుందో, ఏ జతి దగ్గర పాదాలే చూడాలో, ఎక్కడ ముఖానికి వెళ్లవచ్చో వారి చేతనే చెప్పించండి. వీడియో మొదట్లో పళ్లెం మీద నిలిచిన పాప పేరు, తీసినవారి పేరు పక్కపక్కనే వేయించండి.