/బిన్ జోలికి పోయే ముందు

చిరంజీవి పాపకు, చిన్నాయన ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు కర్నూలు బస్టాండులో ఉన్నా, ఆ గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. "ల్యాబ్ లినక్స్ సర్వర్లో /బిన్ అనే ఫోల్డర్లో ఉన్న ప్రోగ్రాములే /యూఎస్ఆర్/బిన్‌లో కూడా ఉన్నాయి చిన్నాయనా, ఒకచోటివి తీసేసి శుభ్రం చేస్తా" అన్నావు కదా. చెయ్యొద్దు తల్లీ. ఆ పని నేను చేసి చూశాను.

రిటైరవడానికి ముందు మా కాలేజీ సర్వర్లో ఉబుంటు 20.04 అనే లినక్స్ కొత్తగా వేశాం. అంతవరకూ నా చేయి తిరిగిందంతా పాత మెషిన్ల మీదే. అక్కడ /బిన్ వేరు, /యూఎస్ఆర్/బిన్ వేరు. కొత్తదాంట్లో రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా కనిపించేసరికి, ఎవరో పొరపాటున రెండుసార్లు కాపీ చేశారనుకొని /బిన్ మీద ఆర్ఎమ్, అంటే తీసేసే కమాండు, కొట్టా. నిజంగా డైరెక్టరీ, అంటే ఫోల్డర్, అయ్యుంటే "ఇది డైరెక్టరీ, తీయను" అని మొరాయించేది. కిక్కురుమనకుండా పోయింది. అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు. అది /యూఎస్ఆర్/బిన్‌కు దారి చూపే లింకు మాత్రమే.

కాసేపటికి పిల్లలు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. "సార్, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా, తీసుకోవడం లేదు." ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ అకౌంట్ల ఫైల్లో ప్రతి పిల్లవాడి పేరు పక్కన షెల్ (మనం కొట్టే కమాండ్లు అందుకునే ప్రోగ్రాము) /బిన్/బ్యాష్ అని రాసి ఉంటుంది. ఆ దారి లేకపోతే, దూరం నుంచి లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్ మనిషిని లోపలికి రానివ్వదు, పైగా పాస్‌వర్డే తప్పన్నట్టు మాట్లాడుతుంది. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజరుగా, తెరిచిన టెర్మినల్ ఒకటి అదృష్టం కొద్దీ మూయలేదు. అందులోంచే ఎల్ఎన్ కమాండుతో లింకు మళ్లీ పెట్టాను. ఆ టెన్షన్‌కు మధ్యాహ్నం సంగటి ముద్ద గొంతు దిగలేదు.

అసలు రెండు చోట్లు ఎందుకొచ్చాయంటే, 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ వాళ్లు పీడీపీ-11 కంప్యూటర్ మీద, లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ రాస్తున్నప్పుడు మొదటి డిస్కు నిండిపోయింది. రెండో డిస్కులో యూజర్ల ఇళ్లుండేవి, దాని పేరే /యూఎస్ఆర్. మిగిలిన ప్రోగ్రాములు అక్కడికి పొర్లాయి. మౌంట్ లాంటివి మాత్రం మొదటి డిస్కులోనే ఉండాలి, రెండో డిస్కును తగిలించేదే అది కాబట్టి. తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేస్తామా? అంతే సంగతి.

తర్వాత యూజర్ల ఇళ్లు వేరే చోటికి పోయాయి, పేరు మాత్రం అట్లే ఉండిపోయింది. డిస్కులు పెద్దవయ్యాక ఆ అవసరమూ పోయింది. ఐనా అలవాటు పోలేదు, దానికి కొత్త కారణాలు కూడా చెప్పుకున్నారు. /యూఎస్ఆర్ చెడితే /బిన్‌తో మెషిన్‌ను లేపుకోవచ్చని కొందరు, /యూఎస్ఆర్‌ను నెట్‌వర్క్‌లో పది మెషిన్లకు పంచుకోవచ్చని కొందరు. పంచుకోవడం నిజంగానే జరిగింది. చివరికి బూట్ అయ్యేటప్పుడు మెమరీలోకి ఎక్కే చిన్న ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఆ లేపే పనంతా తన మీద వేసుకుంది. అప్పుడు 2012లో ఫెడోరా 17 అనే లినక్స్ రెండింటినీ కలిపేసింది. డెబియన్ అనే ఇంకో లినక్స్ నిదానస్తురాలు, 2023లో వచ్చిన 12తో గానీ దాన్ని తప్పనిసరి చేయలేదు. అడ్మిన్ ప్రోగ్రాములుండే ఎస్‌బిన్‌ను కూడా బిన్‌లో కలపడం ఫెడోరాలో 2025 దాకా ఆగింది.

కలిపినవాళ్లెవరూ పాత పేరు చెరపలేదు, చూడు. మన పాతబస్తీ ఇంట్లో జొన్నల గది గుర్తుందా? 2009 వరదలో గాదెలు పోయాయి, ఇప్పుడక్కడ వాషింగ్ మెషిన్ ఉంది. ఐనా మీ జేజి "ఆ బట్టలు జొన్నల గదిలో ఎయ్యి" అంటే ఇంట్లో అందరికీ ఎక్కడో తెలుసు. విండోస్‌లో ఇంకా తమాషా. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32లో ఉండేది 64 బిట్ సరుకు, 32 బిట్‌ది సిస్‌వావ్64లో ఉంటుంది. సిస్టమ్32 అని లోపల రాసేసుకున్న ప్రోగ్రాములు లెక్కలేనన్ని ఉంటే పేరెట్లా మారుస్తారు?

నీ సర్వర్లో /యూఎస్ఆర్/బిన్ ప్రోగ్రాములు వేసి తీసే ప్యాకేజీ మేనేజర్ సొత్తు. అందులో చేత్తో ఏదీ పెట్టొద్దు, తీయొద్దు. ముఖ్యంగా పిల్లలు కొత్త పైథాన్ కావాలని అడిగితే అక్కడున్న పైథాన్3 లింకును దానివైపు తిప్పొద్దు, ఆ మేనేజరైన ఏపీటీ చుట్టూ ఉన్న స్క్రిప్టులు పాత వెర్షన్‌ను నమ్ముకొని ఉంటాయి. సోర్సు నుంచి కట్టుకున్నది /యూఎస్ఆర్/లోకల్‌లో, బయటి కంపెనీ ఒకే మూటగా ఇచ్చింది /ఆప్ట్‌లో. పాత్‌లో, అంటే ప్రోగ్రాములను వెతికే చోట్ల వరుసలో, మామూలుగా లోకల్ ముందుంటుంది కాబట్టి పిల్లలు పేరు కొడితే నీదే నడుస్తుంది. ఏది నడుస్తోందో అనుమానమొస్తే "టైప్ హైఫన్ ఏ" తర్వాత ప్రోగ్రాము పేరు కొట్టి చూడు, ఎన్నిచోట్ల ఉందో వరుసగా చెబుతుంది.

ఇంకో మెలిక. ఒక ఫైలు ఏ ప్యాకేజీదని ప్యాకేజీల చిట్టా పెట్టుకునే డీపీకేజీని అడిగేటప్పుడు, ఉబుంటు 20.04లో /యూఎస్ఆర్/బిన్/ఎల్ఎస్ అని అడిగితే తెలియదంటుంది, /బిన్/ఎల్ఎస్ అంటే కోర్‌యుటిల్స్ ప్యాకేజీ అని చెబుతుంది. ఫైలు ఇల్లు మారినా డీపీకేజీ చిట్టాలో పాత చిరునామానే రాసి ఉంది మరి. జవాబు రాలేదని ఆ ఫైలు అనాథ అనుకొని తీసేయొద్దు, రెండు దారుల్లోనూ అడుగు.

రేపు కడప ల్యాబ్‌కు పోగానే రూట్ డైరెక్టరీలో "ఎల్ఎస్ హైఫన్ ఎల్" కొట్టి, స్క్రీను ఫోటో వాట్సాప్‌లో పంపు. బిన్ పక్కన, అది లింకని తెలిపే బాణం గుర్తు ఉందో లేదో చూసి చెబుతా. అంతవరకూ దేన్నీ ముట్టుకోవద్దు.

మీ చిన్నాయన,
కర్నూలు