దుంగల లారీ మొగిలి ఘాట్ దిగాలంటే

ప్రశ్న: పలమనేరు చుట్టుపక్కల తోటల నుంచి నీలగిరి దుంగలు, అప్పుడప్పుడు ముసలి మామిడి మొద్దులు చిత్తూరు, తిరుపతి సామిల్లులకు బాడుగకు తోలుతుంటాను. పది టైర్ల లారీ. మొన్న మొగిలి ఘాట్ దిగుతుంటే మలుపులో లోడు ఒక పక్కకు జరిగింది. తాళ్లు గట్టిగానే కట్టాం. అప్పటి నుంచి ఘాట్ అంటేనే టెన్షన్. ఇంకా లావు మోకు వాడమంటారా?
– ఒక లారీ ఓనర్, పలమనేరు

జవాబు: మోకు లావు పెంచితే సరిపోదండీ. బయల్దేరినప్పుడు తాడు బిగుతుగానే ఉంటుంది. నాలుగు గుంతలు దాటేసరికి దుంగలు ఒకదాని సందులోకి ఒకటి దిగుతాయి, బెరడు నలిగి రాలిపోతుంది, లోడు కిందికి కుంగుతుంది, ముడి ఎక్కడిదక్కడే ఉన్నా తాడు మాత్రం వదులైపోతుంది. పైగా నైలాన్ తాడు సాగుతుంది. గొలుసులు గానీ, బిగించే రాట్చెట్ బెల్టులు గానీ వాడండి, ప్రతి వరసకూ కనీసం రెండు చోట్ల పడాలి. తోట దాటి ఐదారు కిలోమీటర్లు పోయాక ఒకసారి, ఘాట్ దిగే ముందు ఇంకోసారి ఆపి బిగించాలి. ఆ పది నిమిషాలకు బాడుగేమీ తగ్గదు.

అసలు పని తోటలో పేర్చేటప్పుడే ఉంది. లావు దుంగలు అడుగున వేసి, వంకర మామిడి మొద్దులు మధ్యలో ఇరికించండి. అంచున ఉండే ప్రతి దుంగా కనీసం రెండు నిలువు గుంజలకు ఆనుకోవాలి, ఒక్క గుంజకే ఆనితే మలుపులో తిరిగిపోతుంది. అంచు దుంగలు గుంజల తల దాటి పైకి రాకూడదు. ముందువైపు క్యాబిన్ వెనక గోడకు తగిలేలా పేర్చండి, అక్కడ జానెడు ఖాళీ ఉన్నా సడన్ బ్రేక్ వేస్తే మొత్తం లోడు ఊపుగా వచ్చి క్యాబిన్‌ను గుద్దుతుంది, అప్పుడు ఏ తాడూ ఆపలేదు. బెరడు తీసిన నీలగిరి వానకు తడిస్తే బాగా జారుతుంది, ఆ రోజుల్లో ఒక వరస తగ్గించండి.

బరువు కంటితో అంచనా వేయకండి. మీ మూడు యాక్సిళ్ల లారీకి బండితో కలిపి 28.5 టన్నులే పరిమితి. అప్పుడే కొట్టిన నీలగిరి ఘనపు మీటరు దాదాపు టన్ను తూగుతుంది, ఎండినది అంతకంటే చాలా తేలిక, అందుకే ఒకే ఎత్తు లోడు ఒకసారి లోపలే ఉంటుంది, ఇంకోసారి పరిమితి దాటేస్తుంది. కాటా వేయించండి. ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. బాడీ దాటి బయటికి పొడుచుకొస్తే అదీ 20,000. జరిమానా సంగతి పక్కన పెట్టినా, చీకట్లో వెనక పొడుచుకొచ్చిన దుంగ మోటార్‌సైకిల్ మీద వచ్చేవాడికి కనిపించదు, అది నాకు అన్నిటికంటే భయం.

ఇక ఘాట్‌లో ఎక్కేటప్పుడు ఏ గేరు వాడతారో దిగేటప్పుడూ దాదాపు అదే గేరు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయొద్దు, బరువంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. వేగం 30 నుంచి 60కి పెరిగితే మలుపులో లోడును బయటికి తోసే బలం నాలుగింతలవుతుంది. మీ లోడు జరిగింది దాదాపు అందుకే అయ్యుంటుంది. చెట్లు కొట్టేందుకు, రవాణాకు కావాల్సిన పర్మిట్లు అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో కనుక్కుని ముందే తీసుకోండి. కాగితాలు సరిగ్గా లేనివాళ్లే రాత్రిపూట హడావిడిగా దిగుతుంటారు.

ప్రశ్న: మా ఆయన దుంగలు ఎక్కించే కూలికి వెళ్తారు. సామిల్లులో దింపడానికి కూడా వాళ్లే కావాలని లోడు మీదే కూర్చోబెట్టి తీసుకెళ్తారు. వద్దంటే రేపు పనికి పిలవరంటారు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, భాకరాపేట

జవాబు: అమ్మా, ఇందులో సర్దుకుపోయేదేమీ లేదు, లోడు మీద మనిషి కూర్చోకూడదు. 2025 జులైలో రాజంపేట వైపు నుంచి రైల్వే కోడూరుకు వస్తున్న మామిడికాయల లారీ రెడ్డిపల్లె చెరువుకట్ట మీద బోల్తాపడి, పైన కూర్చున్న కూలీలు తొమ్మిది మంది చనిపోయారు. అది కాయల లోడు. దుంగలైతే మనిషి మీద పడ్డాక తీయడానికి జేసీబీ రావాలి. మీ ఆయన ఒక్కరే అడిగితే పని పోతుందన్న భయం నిజమే, అందుకని గుంపులో ఉన్నవాళ్లంతా కలిసి మేస్త్రీకి చెప్పాలి: బస్సు చార్జీ ఇవ్వండి, లేదా ఆటో పెట్టండి. ఓనరుకు కూడా అర్థమయ్యేలా చెప్పండి, సరుకు లారీ ఎక్కినవాళ్లకు ఏదైనా జరిగితే బీమా కంపెనీ పేచీ పెడుతుంది, భారం ఆయన మీద పడొచ్చు.

ఇంకో మాట కూడా ఆయనకు చెప్పండి. దింపేటప్పుడు గొలుసు వదిలే మనిషి దుంగలు దొర్లే పక్కన నిలబడకూడదు. దారిలో జరిగిన దుంగ ఆ గొలుసు మీదే ఆగి ఉంటుంది, వదలగానే దూకుతుంది. ముందు లారీ చుట్టూ తిరిగి ఏ పక్కకు ఒరిగిందో చూసి, రెండో పక్క నుంచి వదలాలి, అప్పటిదాకా మిగతావాళ్లు దూరంగా ఉండాలి.