ఒకే బట్టీలో కాలినా బలం తేడా ఎందుకు?

ప్రశ్న: ఒకే పొడిని నొక్కి, ఒకే బట్టీలో కాల్చిన అల్యూమినా (ఒక రకం సిరామిక్) కడ్డీలను వంచి పరీక్షిస్తే, ఒకటి 250 మెగాపాస్కల్స్ ఒత్తిడికే విరిగింది, ఇంకోటి 400 దాకా నిలబడింది. యంత్రంలో తేడానా? సగటు తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: యంత్రం సంగతి తర్వాత. విరిగిన ముక్కలు పారేయలేదు కదా?

ఉక్కులో పగులు ఉన్నా దాని మొన దగ్గర లోహం కాస్త సాగి సర్దుకుంటుంది. సిరామిక్‌కు ఆ సర్దుబాటు దాదాపు లేదు. 1921లో గ్రిఫిత్ అనే ఇంజినీరు గాజు మీద ప్రయోగాలతో ప్రచురించిన లెక్క ప్రకారం లోపం, అంటే లోపలి పగులు లేదా సందు, నాలుగింతలైతే బలం సగానికి పడిపోతుంది. మీ అంకెలే చూడండి: 400ని 250తో భాగిస్తే 1.6, దాని వర్గం 2.56. అంటే ముందు విరిగిన కడ్డీలో లోపం రెండో దానికన్నా రెండున్నర రెట్లు పెద్దదై ఉంటే చాలు. మామూలు అల్యూమినాలో ఇది సుమారు 60 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) లోతు పగులుకూ 160 మైక్రాన్ల పగులుకూ ఉన్న తేడా. ఇంతదానికి యంత్రాన్ని అనుమానించక్కర్లేదు.

ఈ లోపాలు ఎక్కడివంటారా? నొక్కినప్పుడు నలగని పొడి గుళికల మధ్య సందులు బట్టీలోనూ పూడవు. పొడిలో పడ్డ నూలుపోగు కాలిపోయి, తన ఆకారంలోనే బొరియ వదిలిపోతుంది. వీటిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, డబ్బాకు మూత పెడితే పోయేదానికి! కాల్చాక డైమండ్ చక్రంతో సానపడితే పైపొరలో, ముఖ్యంగా అంచుల్లో, సన్నని పగుళ్లు పడతాయి.

విరిగిన ముఖాన్ని ఏటవాలు వెలుగులో, తక్కువ పెంపుదల సూక్ష్మదర్శిని కింద తిప్పి చూడండి. సన్నరేణువుల సరుకైతే ఒకచోట నున్నటి మచ్చ, దాని చుట్టూ మసక, ఆపైన విసనకర్రలా విచ్చుకున్న గీతలు కనిపిస్తాయి. గీతలన్నీ ఎక్కడికి చేరుతాయో అక్కడే పగులు మొదలైంది. రెండు ముక్కల్నీ కలిపి చూడాలని చెయ్యి లాగుతుంది. వద్దు, ఆ రాపిడికి గుర్తులు చెరిగిపోతాయి.

ఇక సగటు. నేనైతే నమ్మను. కనీసం 30 కడ్డీలు విరిచి వైబుల్ గ్రాఫు, అంటే ఏ ఒత్తిడికి ఎంత వంతు కడ్డీలు విరుగుతాయో చూపేది, గీయండి. దాని వాలు, అంటే వైబుల్ మాడ్యులస్ (బలాల్లో తేడాలు ఎంత తక్కువైతే ఇది అంత ఎక్కువ), 10 వచ్చిందనుకోండి. ఘనపరిమాణం పదింతలున్న భాగం, ఒత్తిడి తీరు అదే అయినా, సుమారు 20 శాతం తక్కువకే విరుగుతుంది, పెద్ద లోపం దొరికే అవకాశం అందులో ఎక్కువ కాబట్టి. కడ్డీల సగటును తీసుకెళ్లి పెద్ద భాగం డిజైన్‌లో పెట్టకండి.